రింగు, నాలుగు జతల కళ్ళద్దాలు

మార్చి 3, సోమవారం

ఇది పెద్దదాని పాత లెక్కల నోటుబుక్కు. మొదటి నాలుగు పేజీల్లో భాగహారాలున్నాయి, అన్నీ తప్పే. ఇంట్లో దీన్ని ఎవరూ పొరపాటున కూడా ముట్టుకోరు కాబట్టి నాకు ఇంతకంటే భద్రమైన చోటు దొరకదు.

రాసుకోమని చెప్పింది క్లినిక్కులో నర్సు. "మూడు వారాలు లోపల, ఒక వారం బయట. మళ్ళీ సోమవారమే కొత్తది. పెట్టిన రోజూ తీసిన రోజూ రాసుకోండమ్మా. గుర్తుంటుందిలే అనుకోకండి" అంది. నా గుర్తు సంగతి ఆవిడకు ఎవరు చెప్పారో! కడుపు రాకుండా మాత్రలు మింగిన ఏడాదిన్నరలో నేను మరిచిపోని నెల లేదు. మూడుసార్లు నెల తప్పినట్టే తప్పి వచ్చింది. ఆ మూడుసార్లూ మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఎందుకుంటుంది? చిన్నది పుట్టినప్పుడు నాకు రక్తం ఆగలేదు. "ఇద్దరు చాలు. ఇంకోసారి ఈమె తట్టుకోలేదు" అని డాక్టరుగారు ఆయన్ని వరండాలోకి పిలిచి చెప్పారట. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఇరవై అంతస్తుల గోతిలో తాడు పట్టుకుని వేలాడతాడు. ఆయనకు జీవితంలో భయమేసింది ఆ వరండాలోనేనట. కాపర్ టీ వేయించుకుంటే నెలకు పన్నెండు రోజులు రక్తమే. తీయించేశాను.

కాబట్టి ఇప్పుడు రింగు, కడుపు రాకుండా యోనిలో పెట్టుకునేది. మెత్తగా, గాజులా తెల్లగా ఉంది. వంచితే వంగుతుంది. నేనే పెట్టుకున్నాను, రెండో ప్రయత్నంలో కుదిరింది. పెట్టుకునే ముందు స్కేలుతో కొలిచాను. యాభై నాలుగు మిల్లీమీటర్లు, మా కళ్ళద్దాల షాపులో పెద్ద ఫ్రేముకు కోసే లెన్సు అంత. పద్నాలుగేళ్ళుగా లెన్సులు కోస్తున్నదాన్ని, కొలవకుండా ఉండలేను.

నర్సు కళ్ళద్దాలు ముక్కు మీద నిలవడం లేదు. బ్యాగులో చిన్న స్క్రూడ్రైవరు ఉంటుందిగా, బిగించి ఇచ్చాను. చాలా సంతోషపడింది. దేనికీ విసుక్కోకుండా అన్నీ చెప్పింది. మొదటి ఏడు రోజులూ కండోమ్ కూడా వాడాలట. జారి బయటికొస్తే చన్నీళ్ళతో కడిగి మూడు గంటల్లోపు మళ్ళీ పెట్టుకోవాలట. మూడు గంటలు దాటితే తనకు ఫోన్ చేయమంది. కాలు వాచి నొప్పెట్టినా, ఛాతీలో నొప్పొచ్చినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, చూపు తేడా చేసినా ఆలోచించకుండా ఆస్పత్రికి పరిగెత్తమంది.

ఒక ఫారం నింపించింది. పొగ తాగను, నిజం. బీపీ లేదు, ఆవిడే చూసింది. తలనొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపులు, వంకర గీతలు కనిపిస్తాయా అని ఒక ప్రశ్న. పగలంతా దీపం ముందు లెన్సులు చూసేదానికి మెరుపులు కనపడక ఇంకేం కనపడతాయి? తలనొప్పి ఎవరికి రాదు? లేదు అని టిక్కు పెట్టాను.

మార్చి 4

లోపల ఉన్నట్టే తెలియడం లేదు. ఎవరు కనిపెట్టారో, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.

మార్చి 10, సోమవారం

ఏడు రోజులు గడిచాయి. ఆ మాట చెప్పగానే మా ఆయన లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టొచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి! ఆదివారం పని చేసినందుకు ఈరోజు సెలవట. నాకేమో షాపులో సగం పూట సెలవు. పిల్లలు బళ్ళో ఉన్నారు. అత్తయ్య పక్కింటావిడతో కూరగాయలకు వెళ్ళింది. తర్వాత ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. భయం లేకుండా నవ్వి ఆరేళ్ళయింది. ఇంతకంటే ఇక్కడ రాయను.

మార్చి 15

షాపులో బాత్‌రూముకు వెళ్తే రింగు జారి చేతిలోకి వచ్చింది. కుళాయి కింద కడిగి, టైము చూసి (పదకొండూ పది), మళ్ళీ పెట్టుకున్నాను. ఐదు నిమిషాలు కూడా కాలేదు. బయటికి వచ్చేసరికి అక్షరాలమ్మాయి చేతిలో లెన్సుతో నిలబడి ఉంది.

అక్షరాలమ్మాయి అంటే కళ్ళు పరీక్ష చేసేందుకు కొత్తగా చేరిన పిల్ల. రోజంతా గోడ మీది అక్షరాలు జనం చేత చదివిస్తుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. ఇరవై ఏడేళ్ళుంటాయి. నవ్వదు.

"మేడమ్, ఈ లెన్సు యాక్సిస్ రెండు డిగ్రీలు తేడాగా ఉంది. మళ్ళీ చేయాలి."

"రెండు డిగ్రీలకు ఎవరి కళ్ళూ పోవమ్మా."

"పోవు. తలనొప్పి వస్తుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ పిల్ల పుస్తకాల సంచీ మోసే రోజుల్లోనే నేను ఈ మిషను మీద ఉన్నాను. కానీ కొలిచి చూస్తే యాక్సిస్, అంటే లెన్సు తిప్పి కూర్చోబెట్టే కోణం, రెండు డిగ్రీలు తేడా ఉన్న మాట నిజమే. మళ్ళీ చేసిచ్చాను, ముఖం మాడ్చుకుని.

మార్చి 24, సోమవారం

తీసేశాను. దాని రేకు కవర్లోనే చుట్టి చెత్తబుట్టలో వేశాను. టాయిలెట్లో వేయకూడదని నర్సు రెండుసార్లు చెప్పింది.

మార్చి 31, సోమవారం

రెండోది పెట్టుకున్నాను. ఈరోజు ఒక సంగతి జరిగింది, మరిచిపోకుండా రాయాలి.

వాడని రింగుల్ని ఫ్రిజ్ తలుపులో గుడ్ల పక్కన పెట్టాను. నాలుగు నెలల్లోపు వాడేట్టయితే బయట ఉన్నా ఫర్వాలేదు, వేడి తగలకపోతే చాలు అంది నర్సు. కానీ మా వంటిల్లు ఒక పొయ్యి. అత్తయ్య గుడ్ల కోసం తలుపు తీసి రేకు ప్యాకెట్టు పట్టుకొచ్చింది.

"ఏమ్మాయ్, ఇదేంటి? జామ్ అనుకుని బ్రెడ్డు మీద పిండబోయాను."

నాకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. ఇక దాచి లాభం లేదని చెప్పేశాను. మొత్తం చెప్పాను, డాక్టరుగారి మాటతో సహా. ఆ మాట ఆవిడకు ఇప్పటిదాకా మేం చెప్పనే లేదు. అత్తయ్య స్టూలు లాక్కుని కూర్చుంది. ప్యాకెట్టు వెలుతురుకు పెట్టి చూసింది.

"నొప్పెట్టదా?"

"ఉన్నట్టే తెలీదత్తయ్యా."

"నువ్వే పెట్టుకుంటావా? ఎవర్నీ అడగక్కర్లేదా?"

"మా నర్సునీ మీ అబ్బాయినీ అడిగాను."

"వాడు సరేనన్నాడా?"

"నాకంటే ముందు వాడే చదివాడు, ప్యాకెట్టుతో వచ్చిన కాగితం." అత్తయ్య ముందు ఆయన్ని వాడు అనేశానని ఆ తర్వాత గానీ తెలియలేదు. నాలుక్కరుచుకున్నాను. ఆవిడ పట్టించుకోలేదు.

"నాకు ఐదుగురు. రెండు పోయాయి, తెలుసుగా నీకు. వద్దు అనే మాట ఒకటుంటుందని కూడా నాకెవరూ చెప్పలేదే" అంది. కళ్ళు తుడుచుకోలేదు, ఏడవలేదు. లేచి వెళ్ళి ప్యాకెట్టును గుడ్ల పక్కన కాకుండా పై అరలో, వెన్న డబ్బా వెనక పెట్టింది. "పిల్లల చేతికందుతుంది అక్కడ. బుర్ర వాడు."

నాకు ఇంత మంచి అత్తగారు ఉందని పన్నెండేళ్ళకు తెలిసింది. సిగ్గుపడుతున్నాను.

ఏప్రిల్ 9, బుధవారం

మధ్యాహ్నం పనిలో ఉండగా కుడి కంట్లో మెరుపులు. పగిలిన అద్దం అంచులా వంకర గీత, అది మెల్లగా పెద్దదై పక్కకు జరిగిపోయింది. ఇరవై నిమిషాలు. తర్వాత తల బద్దలైపోయింది. భూతద్దం పెట్టేది కుడి కంటికేగా, అలిసిపోయి ఉంటుంది.

చిన్నది పుట్టాక ఒకసారి వచ్చింది. పోయినేడు ఒకసారి వచ్చింది. ఇది మూడోది, అంతే.

ఏప్రిల్ 11

నా కళ్ళద్దాలు పాతబడ్డాయి. అక్షరాలమ్మాయి భోజనానికి వెళ్ళినప్పుడు పరీక్ష గదిలో కూర్చుని నా కళ్ళు నేనే చూసుకున్నాను. కుడి కంటికి సిలిండరు, అంటే అడ్డపవరు, పావు తేడా అనిపించింది. అదీ సంగతి! మిగిలిన లెన్సులతో ఒక జత చేసుకున్నాను. హాయిగా ఉంది.

ఏప్రిల్ 21, సోమవారం

తీశాను. పది రోజులుగా మెరుపులు లేవు. కొత్త కళ్ళద్దాల పుణ్యం.

ఏప్రిల్ 28, సోమవారం

మూడోది పెట్టుకున్నాను. రోజూ మాత్ర వేసుకున్నానా లేదా అని సగం దారిలో బస్సు దిగి ఇంటికి పరిగెత్తిన రోజులు గుర్తొచ్చాయి. ఈ రింగు నన్ను గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోనిస్తోంది. ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియక నర్సుకు కళ్ళద్దాల గుడ్డ ఒకటి పంపాను.

మే 2

మళ్ళీ. కుడివైపు. ఇరవై ఐదు నిమిషాలు.

మే 3

ఈసారి యాక్సిస్ మార్చి ఇంకో జత చేశాను. మొన్నటి జతలో రెండు డిగ్రీలు తేడా వచ్చి ఉంటుంది. రెండు డిగ్రీలకు తలనొప్పి వస్తుందని ఆ పిల్లే అందిగా.

మే 8, గురువారం

మళ్ళీ. ఎక్కువ రాయడానికి లేదు. పని చాలా ఉంది.

ఒక కన్ను మూసి చూడలేదు. షాపుకొచ్చే ప్రతివాళ్ళకూ చెబుతాను, మెరుపులొస్తే ముందు ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది మూసి చూడండి, ఒక కంట్లోనే ఉంటే కంటిది, రెండింట్లోనూ ఉంటే కంటిది కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి అని. నాకు వచ్చినప్పుడు చేతిలో లెన్సు ఉంది. చేయి ఖాళీ లేదు.

మే 9

నాలుగో జత. నీలం రంగు పూత ఉన్న లెన్సులు. మా ఆయన తలగడ పక్కన వరసగా చూసి, "ముఖం ఒకటే, కళ్ళద్దాలు నాలుగా? ఎవర్ని చూద్దామని?" అన్నాడు. "మిమ్మల్నే. ఎంత మార్చినా అలాగే కనిపిస్తున్నారు" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఆయన నవ్వుతూ ఉంటే నాకు చెప్పబుద్ధి కాదు.

చెప్పడానికి ఏముంది అసలు?

మే 15, గురువారం

మొన్న మంగళవారం జరిగింది ఈరోజు రాస్తున్నాను. వంటింట్లో కూర్చున్నాను. పిల్లలు బళ్ళో ఉన్నారు. నేను లేవబోతే అత్తయ్య కసురుతోంది.

పొద్దున పదకొండు దాటింది. మిషను దగ్గర నిలబడి జాబ్ కార్డు, లెన్సు కొలతలు రాసిన చీటీ, చదువుతున్నాను. కుడివైపు అంకెలు లేవు. కార్డు చింపేశారేమో అనుకున్నాను. వేలితో తడిమితే కార్డు ఉంది, అంకెలే లేవు. తర్వాత మెరుపులు మొదలయ్యాయి. మామూలుగా అయితే అక్కడితో ఆగేది. ఈసారి కుడి చేతి చిటికెన వేలు తిమ్మిరెక్కింది. తర్వాత పక్క వేలు, ఆ తర్వాత దాని పక్కది, బొటనవేలి దాకా వచ్చి, చేయి వదిలేసి పెదవి మీదికెక్కింది. లెన్సు జారి నేల మీద పడి రెండు ముక్కలైంది. నీళ్ళు అడుగుదామని నోరు తెరిస్తే వేరే ఏదో మాట వచ్చింది. నా నోట్లోంచి వచ్చింది నాకే అర్థం కాలేదు. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. చిన్నదాన్ని కన్నప్పుడు కూడా లేదు, అప్పుడు నాకు స్పృహ లేదు.

చప్పుడు విని అక్షరాలమ్మాయి వచ్చింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"మేడమ్, మెరుపులా?"

తల ఊపాను.

"కుడి కన్ను మూసుకోండి. పోయిందా?"

మూశాను. పోలేదు. ఎడమ కంటికి కూడా అక్కడే, కుడివైపే ఉంది.

"ఎడమది మూసుకోండి."

అలాగే ఉంది. రెండూ మూసుకోమంది. మూసిన రెప్పల వెనక కూడా వంకర గీత వెలుగుతూనే ఉంది. నాకు తెలుసు. ఏప్రిల్ తొమ్మిది నుంచీ నాకు తెలుసు. పోయినేటి నుంచీ కూడా తెలుసు.

ఈలోగా మాట తిరిగి వచ్చింది, తడబడుతూ.

"ఇది కంటిది కాదు మేడమ్. హార్మోను మాత్రలు ఏమైనా వాడుతున్నారా?"

"లేదు" అన్నాను. మాత్రలు కావుగా, అబద్ధమెందుకవుతుంది అనుకున్నాను! అంత భయంలో కూడా నాకు ఆ తెలివి పనిచేసింది. రాస్తుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

ఆ పిల్ల వదల్లేదు. నా కళ్ళలోకి చూసింది, ఎవరైనా గోడ మీద అక్షరం ఊహించి చెబితే ఎలా చూస్తుందో అలా. "మాత్రలు అన్నాను, తప్పు నాది. ప్యాచా? ఇంజెక్షనా? రింగా?"

నేను ఏడ్చేశాను.

పరీక్ష గది బయట ముగ్గురు కూర్చుని ఉన్నారు. "ఈరోజుకు లేదండీ, క్షమించండి" అని వాళ్ళకు చెప్పి, ఆటో పిలిచి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళింది. దారంతా నా కుడి చేయి పట్టుకుని వేళ్ళు కదపమంటూనే ఉంది. అక్కడ నేను చెప్పకముందే తనే డాక్టరుకు గడగడా చెప్పింది, ఎప్పుడు మొదలైంది, ఏ వేలి నుంచి ఏ వేలికి పాకింది, ఎంతసేపుంది. స్కానింగ్ చేశారు. ఏమీ లేదు. చేయి మామూలైంది.

డాక్టరు నాకంటే చిన్నవాడు. నెమ్మదిగా చెప్పాడు. "మీకు మెరుపులతో వచ్చే మైగ్రేన్. అలాంటివాళ్ళకు ఈ రింగులో ఉండే ఈస్ట్రోజన్ హార్మోను తోడైతే మెదడులో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఈసారికి గట్టెక్కారు. రింగు ఇప్పుడే తీసేయండి. ఈస్ట్రోజన్ ఉన్నది ఏదీ మీకిక వద్దు. ఈస్ట్రోజన్ లేనివి ఉన్నాయి, మీ నర్సుతో మాట్లాడండి."

ఆస్పత్రి బాత్‌రూములో తీశాను. అరచేతిలో పెట్టుకుని ఏడ్చాను. ప్రాణం మీదికి తెచ్చిన దాని కోసం ఎవరైనా ఏడుస్తారా? నేను ఏడ్చాను. దాని తప్పేముంది? అది తన పని చేసింది. అడగాల్సినవి నర్సు అడిగింది. నేనే దాన్ని పెట్టుకోకూడని ఒంట్లో పెట్టుకున్నాను.

మా ఆయన వచ్చేసరికి వరండాలో అక్షరాలమ్మాయి నాకు బిస్కెట్లు తినిపిస్తోంది. ఆయన పని బట్టల్లోనే వచ్చాడు, చేతులకు గ్రీజు. మళ్ళీ ఒక ఆస్పత్రి వరండా. వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తీసేయమంటారని."

"అంటాను కదే మరి!" అని గట్టిగా అరిచి, అరిచినందుకు తనే బెదిరిపోయి నా పక్కన కూలబడ్డాడు. "మళ్ళీ కడుపొస్తే చచ్చిపోతావని నేను భయపడుతుంటే, కడుపు రాకుండా చచ్చిపోయే దారి వెతుక్కున్నావా?"

అక్షరాలమ్మాయి ముఖం తిప్పుకుంది. నవ్వాపుకుంటోందో ఏడుపాపుకుంటోందో తెలియలేదు. నేను మాత్రం నవ్వాను. నవ్వుతూ ఆయన గ్రీజు చేతుల్లో ముఖం పెట్టేసుకున్నాను.

బతికి ఉన్నాను. పెద్దది పొద్దున జడ గట్టిగా వేశానని నన్ను తిట్టింది. ఎంత బాగా తిట్టిందో!

మే 19, సోమవారం

నర్సు దగ్గరికి వెళ్ళాను. నా మార్చి ఫారం తీసి చూస్తుంటే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "తిట్టండి" అన్నాను.

"తిట్టి ఏం చేస్తానమ్మా? మీకు కావలసింది దక్కదేమోనని భయపడ్డారు. ఆ ప్రశ్న నేనే నోటితో అడిగి ఉండాల్సింది. కాగితంతో అబద్ధమాడటం తేలిక. ఇకనుంచి నోటితోనే అడుగుతాను" అంది. నేను అబద్ధమాడితే ఆవిడ తన పద్ధతి దిద్దుకుంటోంది. ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది.

ఈస్ట్రోజన్ లేనివి ఒక్కొక్కటే చెప్పింది. మా ఆయన వెంట వచ్చాడు. "నాకు ఆపరేషన్ చేసెయ్యండి, గొడవొదిలిపోతుంది" అన్నాడు. నర్సు సంతోషించి ఆయనకు కూడా తారీఖు రాసిచ్చింది, అది తేలేసరికి కొన్ని నెలలు పడుతుందని కూడా చెప్పింది. అందుకని ఈలోగా నాకు చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంటు. అగ్గిపుల్లంత ఉంటుంది, మూడేళ్ళు పనిచేస్తుంది, మరిచిపోవడానికి ఏమీ ఉండదు. రింగు మధ్యలో తీశాను కాబట్టి పరీక్ష చేసి, కడుపు లేదని చూసుకుని, పెట్టేసింది. ఏడు రోజులు కండోమ్. మూడు వారాలాగి మళ్ళీ పరీక్ష.

"మెరుపులు మళ్ళీ వస్తే?"

"రావచ్చు. ఎక్కువైతే, చేయి తిమ్మిరెక్కితే, వెంటనే రండి. కళ్ళద్దాలు మాత్రం చేసుకోకండి."

ఎవరు చెప్పారావిడకు? మా ఆయన పైకప్పు చూస్తున్నాడు.

మే 21

షాపుకు వెళ్ళాను. అక్షరాలమ్మాయి ఒక లెన్సు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక డిగ్రీ తేడా. "మళ్ళీ చేస్తాను తల్లీ. రోజంతా పంపించు, చేస్తూనే ఉంటాను" అన్నాను. మొదటిసారి నవ్వింది. నవ్వితే పన్ను మీద పన్ను ఉంది.

జూన్ 9, సోమవారం

రెండో పరీక్ష. ఏమీ లేదు. మా ఆయన ఏదో ఆఫీసు లిఫ్టులో ఉండగా ఫోన్ చేస్తే లోపలున్న నలుగురికీ చెప్పేశాడట. వాళ్ళు చప్పట్లు కొట్టారట. ఈ మనిషిని ఏం చేయాలి!

జూన్ 12, గురువారం

భోజనాల దగ్గర అక్షరాలమ్మాయి డబ్బా మూత తీసి మళ్ళీ మూసి, మళ్ళీ తీసింది.

"అక్కా" అంది. ఇదే మొదటిసారి. "నాకు మైగ్రేన్ లేదు. సిగరెట్లు లేవు. నేను పెట్టుకోవచ్చా, రింగు?"

ఆమెకొక స్నేహితుడున్నాడని, వచ్చే ఏడు పెళ్ళని అప్పుడు చెప్పింది. నాకు ఎంత సంతోషమేసిందో. "చాలామందికి అది వరమేనే. నాకు కుదరలేదు గానీ దాన్ని నేను తిట్టను. నర్సు చెప్పాలి నీకు కుదురుతుందో లేదో. నేనూ వస్తాను పద" అన్నాను. నా ప్రాణం కాపాడిన పిల్లకు నేను చేయగలిగింది ఒకటి దొరికిందని ఎగిరి గంతేయాలనిపించింది.

జూన్ 16, సోమవారం

వెళ్ళాం. నర్సు గదిలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. బీపీ చూసింది, బాగుంది. ఈసారి ఫారం లేదు, ఒక్కొక్కటే నోటితో అడుగుతోంది. పొగ, లేదు. మైగ్రేన్, లేదు. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డలు, లేదు. అన్నిటికీ పిల్ల కాస్త ఆలోచించి చెబుతోంది.

"రోజూ వేసుకునే మందులు ఏమైనా?"

"లేవు."

ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది ఆ జవాబు. గోడ మీది అక్షరాలన్నీ నిదానంగా చదివించే పిల్ల, ఇది మాత్రం చదవకుండానే చెప్పేసింది. నర్సు రాసుకోబోయింది. పిల్ల నా వైపు ఒక్క క్షణం చూసి వెంటనే చూపు తిప్పుకుంది. నాకు అర్థమైంది. నర్సు దగ్గర దాచాలని ఆమెకు లేదు. నా దగ్గర దాచాలి. రేపు పొద్దున నేను ఆమెతో కలిసి పనిచేసే మనిషిని. షాపులో ఎవరికైనా చెబుతానేమో, జాలిపడతానేమో అని.

ఆ క్షణంలో ఎంత చెప్పాలనిపించిందో! చెప్పు తల్లీ, నాలా చేయకు, అని. అలా అంటే నేను పక్కనే ఉండి బలవంతాన చెప్పించినట్టవుతుంది. అలా చెప్పిస్తే నిజమే చెబుతుందని ఏముంది?

లేచాను. "నాకు టీ కావాలి. నేను బయట కూర్చుంటానమ్మా. తొందరేమీ లేదు, సాయంత్రం దాకా మాట్లాడుకోండి" అని నర్సుతో అన్నాను. ఆవిడ కలం కింద పెట్టింది. నేను తలుపు వేసి వచ్చాను, పూర్తిగా, గడియ చప్పుడయ్యేలా.

బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాను. టీ తాగలేదు.

పిల్ల బయటికొచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది. నా పక్కన కూర్చుంది.

"రింగు నాకు కుదరదటక్కా. నేను రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. అది రింగును పనిచేయనివ్వదట. పెట్టుకుని ఉంటే ధీమాగా ఉండేదాన్ని, కడుపు మాత్రం వచ్చేదట."

"వేరేది ఉందన్నారా?"

"ఉందన్నారు. దేంతోనూ గొడవ పడనిది. వచ్చే వారం రమ్మన్నారు."

"మంచిది" అన్నాను.

ఆ మాత్ర దేనికి అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇక్కడ కూడా ఊహించి రాయను.

బస్సు వచ్చేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. బస్సు వచ్చాక తనే ముందు లేచింది. మెట్టు ఎక్కుతూ వెనక్కి తిరిగి, "నీకు టీ ఇష్టం ఉండదుగా అక్కా" అంది.